మెడ మీది ‘గడ్డ’: నిదాన చరిత్రలో పేరు, లక్షణం

1. ప్రస్తావన:
నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు ప్రసిద్ధి. తెలంగాణ వాడుకలో ‘గడ్డ’ అనే మాట ఉల్లిగడ్డ, ఆలుగడ్డలకూ, దేహం మీద లేచే వాపుకూ వర్తిస్తుంది. సెగగడ్డకు పసుపు పట్టు వేసి, అది పండి పగిలేదాకా వేచి ఉండటం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. మెడ మీది వాపునూ ‘గడ్డ’ అనే పిలవడం వల్ల ఆ నిరీక్షణ దానికీ సంక్రమిస్తుంది. ప్రాచీన వైద్యగ్రంథాలు మాత్రం వీటిని వేరుచేసి చూపాయి. ఆ విభజన చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. గ్రంథాలలో విభజన:
సుశ్రుతసంహిత నిదానస్థానం 11వ అధ్యాయం గ్రంథి, అపచి, అర్బుద, గలగండాలను ఒకేచోట వివరించింది. మెడకు వేలాడే వాపు గలగండం. దవడ, మెడ, చంకలలో లేచి, కొన్ని పగులుతూ, కొన్ని కొత్తగా పుడుతూ ఏళ్ల తరబడి సాగేది అపచి. గుండ్రంగా, కదలక, స్వల్పమైన నొప్పితో, లోతైన మూలంతో, నెమ్మదిగా పెరిగేది అర్బుదం. అది పక్వానికి రాదు. చరకసంహిత సంఖ్యను ప్రమాణంగా తీసుకుంది: ఒకటైతే గలగండం, అనేకమైతే గండమాల. ‘మాల’ అనే పదంలోనే లక్షణం ఇమిడి ఉంది. స్థానం, సంఖ్య, చలనం, నొప్పి, పాకం, కాలం అనేవి ఇక్కడ ప్రమాణాలు. ఇవన్నీ కంటికి, చేతికి అందేవే.

3. ఆధునిక నిదానం:
పైకి ఒకేలా ఉన్నవి లోపల వేరు కావచ్చు. 1882లో రాబర్ట్ కాక్ క్షయక్రిమిని గుర్తించడంతో, మెడలోని గ్రంథుల వాపు కొన్నిసార్లు క్షయ వల్ల వచ్చిందని నిర్ధారించే వీలు కలిగింది. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రికి చెందిన మార్టిన్, ఎల్లిస్ 1930లో సూదితో కణాలను తీసి పరీక్షించే పద్ధతిని ప్రకటించారు. అయినా చేతి పరీక్షకు ప్రాధాన్యం తగ్గలేదు. నాలుక చాపినప్పుడు పైకి కదిలే వాపు పుట్టుకతో సంబంధమున్న థైరోగ్లోసల్ తిత్తిని సూచిస్తుంది. పక్కలకు కదిలినా పైకీ కిందికీ కదలనిది కెరోటిడ్ ధమని వద్ద పుట్టే అరుదైన కణితి కావచ్చు. అది రక్తనాళాలతో నిండి ఉంటుంది కనుక ముక్క తీయడానికి ముందే స్కానింగ్ అవసరం. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవారి మెడలో రెండు వారాలైనా తగ్గని వాపునూ, కదలని, గట్టి వాపునూ క్యాన్సర్ అనుమానంతో పరీక్షించాలన్నాయి. కాలం, చలనం అనే పాత ప్రమాణాలు ఇక్కడా కొనసాగాయి.

4. ముగింపు:
అర్బుదమూ, నేటి క్యాన్సరూ అన్నివిధాలా ఒకటే అనలేం. కానీ నొప్పి లేకపోవడం, పండకపోవడం నిశ్చింతకు కారణాలు కావని రెండు సంప్రదాయాలూ తెలుపుతున్నాయి. పండని దాని కోసం పసుపు పట్టుతో ఎదురుచూడటమంటే చికిత్సకు అనువైన కాలాన్ని కోల్పోవడమే.