మెట్ట నెల్లూరు తిండి చరిత్ర: సంగటి నుంచి ప్యాకెట్టు దాకా

మన సాహిత్య విమర్శలో తిండి ప్రస్తావన వచ్చినప్పుడల్లా అది రుచుల ముచ్చటగా తేలిపోతుంది. 1514లో ఉదయగిరి దుర్గాన్ని గజపతుల చేతినుంచి గెలుచుకున్న కృష్ణదేవరాయలే ‘ఆముక్తమాల్యద’ కర్త. అందులో విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏ వంటకాలు వడ్డించాడో తరగతి గదుల్లో మురిసిపోతూ చెబుతాం, నేనూ చెబుతాను. అదే ఋతువుల్లో ఆ కొండకింది చేలల్లో పనిచేసిన మనిషి ఏం తిన్నాడని మాత్రం విద్యార్థి అడగడు, ఉపాధ్యాయుడు చెప్పడు. శ్రీనాథుడి పేర వాడుకలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీద వెక్కిరింత ఉంది. చమత్కారమని నవ్వుకుంటాం. జొన్నకూడు తప్ప గతిలేనివాడికి అందులో నవ్వు కనిపించదు.

నెల్లూరు అంటే వరి అని, మొలగొలుకులని లోకానికి తెలుసు. అది పెన్న డెల్టా నెల్లూరు. పడమటి మెట్ట వేరు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో తరతరాలుగా కడుపు నింపినవి జొన్న, సజ్జ, రాగి, కొర్ర, ఆరిక. కూలి ఇంట్లో వరి అన్నం పండక్కో పెళ్లికో. ఎగువన సోమశిల కట్టాక ఆత్మకూరు వైపు కొంత నేల తడిసింది. ఉదయగిరి మాత్రం వానకే మొగం పెట్టుకొని ఉంది. ఒకే జిల్లాలో తూర్పున వరి, పడమట సంగటి. ఈ తేడా నేలదే కాదు. నీళ్లు ఎవరికి అందాయన్నది కూడా.

పేదవాడి తిండిని పైనుంచి కొలిచిన సందర్భం ఒకటి చూడాలి. 1876-78 కరువు మద్రాసు రాజధానిని పీడించినప్పుడు నెల్లూరూ అందులో నలిగింది. 1877లో వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని కూలి కోశాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించాడు. మన తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల్లో తవ్వినదే. టెంపుల్ అడిగింది మనిషికి ఏం కావాలని కాదు, ఎంత తక్కువతో సరిపెట్టవచ్చునని.

ఈ చరిత్రను మనసులో పెట్టుకొని 1983ను చూడాలి. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట కూలి ఇంట్లో రోజూ తెల్ల అన్నం ఉడికింది. ఆ బియ్యమే జనాన్ని రోగిష్టుల్ని చేసిందని ఇప్పుడు కొందరు పెద్దమనుషులు తేల్చేస్తున్నారు. ఈ వాదన నాకు సమ్మతం కాదు. తరతరాలు పండగకే పరిమితమైన అన్నం రోజూ తినడంలో ఆకలి తీరడంతో పాటు గౌరవమూ ఉంది. అయితే బియ్యంతో పాటు పప్పు, నూనె, కూర, పాలు అదే ధరలో రాలేదు. పళ్లెంలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. తర్వాత ప్యాకెట్టు వచ్చింది ఆ ఖాళీలోకే.

ప్యాకెట్టంటే ఇక్కడ ఒక అర్థం ఉంది. బ్రెజిల్‌లో సావోపౌలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మొంటెయిరో 2009లో ఆహారాన్ని, దాని మీద ఫ్యాక్టరీలో జరిగే పనిని బట్టి విభజించాలని ప్రతిపాదించాడు. ఆ విభజనలో చివరిది అతిగా శుద్ధిచేసిన ఆహారం: పిండి, చక్కెర, నూనెలకు రంగులు, వాసనలు, నిలవ మందులు కలిపి, వంటింట్లో ఎవరూ చేయలేని రూపంలో తయారయ్యేది. ఉప్పుతో ఊరవేసిన మామిడికాయ దీని కిందికి రాదు; బంకులో సరాలుగా వేలాడే చిప్సు, రంగునీళ్ల సీసా, క్రీము బిస్కట్టు వస్తాయి. వీటిలో చాలావాటికి ఆధారం పామాయిలు. ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వచ్చే ఆ నూనెను శుద్ధిచేసే కర్మాగారాలు మన కృష్ణపట్నం రేవు చుట్టూనే ఉన్నాయి. తూర్పు తీరాన దిగిన సరుకు పడమటి మెట్టలో పసిపిల్లల నాలుక మీదికి చేరుతున్నది. కంపెనీ ఐదు రూపాయల ధర మార్చదు. ఖర్చు పెరిగితే లోపలి గ్రాములు తగ్గిస్తుంది. కూలివాడి జేబులో ఏ నాణెం ఉంటుందో దానికి బాగా తెలుసు.

పేదలే ఇవి ఎక్కువ కొంటున్నారనడం తప్పు. డబ్బున్న ఇంట్లోనే వీటి మీద రూపాయలు ఎక్కువ ఖర్చవుతాయి. కాని 2022-23 జాతీయ వినియోగ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో అట్టడుగు 5 శాతం మనిషి మొత్తం నెల ఖర్చు 1,373 రూపాయలు. పైమెట్టు 5 శాతానిది 10,501. ఆత్మకూరులో జీతగాడి ఇంట్లో నూడుల్సు సాయంత్రపు సరదా. దాని ముందు పాలున్నాయి, వెనక గుడ్డుంది. ఉదయగిరి వైపు తల్లి తెల్లవారకముందే కూలికి ఆటో ఎక్కితే పిల్లవాడి చేతిలోని ఐదు రూపాయల బిస్కట్టే పొద్దుటి అన్నం. వస్తువు ఒకటే. ఒక ఇంట్లో అది భోజనం మీద చేరింది, ఇంకో ఇంట్లో భోజనాన్ని తోసేసింది.

తల్లుల అజ్ఞానమే దీనికి కారణమనే ఉపన్యాసాలు మా బడిలోనూ విన్నాను. సంగటి కెలకాలంటే పొయ్యి దగ్గర మనిషి ఉండాలి, ఆ మనిషికి పొద్దు ఉండాలి. ఆ పొద్దును కూలికి అమ్ముకున్నాకే ఇంట్లోకి ఐదు రూపాయలు వస్తాయి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు పరిశోధనాలయంలోనే ఉంచి చూసింది. ఇష్టం వచ్చినంత తినమంటే, ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిన్నారు. వాళ్లూ అజ్ఞానులేనా?

ఈలోగా సంగటి కులం మారింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. పట్నం దుకాణాల్లో కొర్రలు, ఆరికలు అందమైన సంచుల్లో బియ్యాన్ని మించిన ధరకు నిలబడ్డాయి. ఆ ఏడాదే బడిపిల్లలకు రాగిజావ మొదలైంది. అది మంచి పని. 2025 సెప్టెంబరులో బిస్కట్ల మీద జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

కథకులకు ఒక మాట. పల్లెల్లో పానీయాలు, తయారుతిండి మీద ఖర్చు 1999-2000లో మొత్తం ఖర్చులో 4.19 శాతం, 2022-23 నాటికి 9.62 శాతం. ఆ పద్దులో హోటలు ఇడ్లీ, టీ, చిప్సు ప్యాకెట్టు అన్నీ ఒకే గంపలో ఉన్నాయి. ఆ ప్యాకెట్టు అన్నం తిన్నాక చింపిందా, అన్నం లేక చింపిందా అన్నది సర్వే కాగితంలో నింపే గడి కాదు.