వాడని పూలు

సాయంత్రం తురుముకున్న మల్లెలు తెల్లారేసరికి వాడిపోతాయి, తీసి పారేస్తాం. ఆ వాడడాన్నే బొమ్మగా గీసినవాళ్లున్నారు. 17వ శతాబ్దంలో హాలెండు చిత్రకారులు వేర్వేరు ఋతువుల పూలను ఒకే కూజాలో చేర్చి గీసేవారు. పక్కన రాలిన రేకో, పురుగో, ఒక్కోసారి గడియారమో పెట్టేవారు. అందం నిలవదు సుమా అని హెచ్చరిక అన్నమాట! వారిలో రాచెల్ రూయిష్ (1664–1750) పదిమంది పిల్లల తల్లి. ఎనభై దాటాక కూడా పూలు గీసి, బొమ్మమీద తన వయసు రాసుకున్నది.

మన పెనుకొండకు దగ్గర్లోనే లేపాక్షి ఉంది కదా. అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రస్వామి గుడిలో పైకప్పు నిండా బొమ్మలే. పార్వతీకల్యాణం, ఆడవాళ్ల కొప్పులు, పూల చీరలు! ఇక్కడ పువ్వు మంగళానికి గుర్తు, వాడిపోవడానికి కాదు. అయినా కాలం ఊరుకుంటుందా? పూలు వాడలేదు గానీ గచ్చు పెచ్చులూడి, రంగులు వెలిసిపోయాయి.

ఒకసారి మా అత్తగారు తలెత్తి చూస్తూ, "ఈ అంచు మా అమ్మ చీరకుండేదే" అన్నారు. ఆ చీర ఎప్పుడో చిరిగిపోయింది. అంచు మాత్రం అక్కడ నిలిచింది.

ఈసారి వెళ్లినప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని పైకి కూడా చూడండి. పిల్లలకు చూపించండి. బొమ్మల మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వకండి.