పిల్లికూతలు - బోదకాలు పురుగు

రాత్రివేళ పిల్లవాడు పిల్లికూతలతో ఆయాసపడినచో మనము ఉబ్బసమందుము. పరుండిన హెచ్చి, కూర్చుండిన ఉపశమించు ఈ బాధను చరకుడు తమకశ్వాసమనెను. నేను వైద్యుడను గాను, బడిపంతులను. కాని చరిత్ర చదువగా, ఆ కూత వినబడినంతనే అది ఉబ్బసమని చెప్పరాదని తెలిసినది.

1940లో మదనపల్లె క్షయచికిత్సాలయమున ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అను వైద్యులు కొందరి ఊపిరితిత్తులలో క్షయవంటి ఛాయలను గనిరి. అది క్షయ కాదు. వారి రక్తమున ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మిక్కుటముగా నుండెను. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా యని పేరిడి, పాషాణపు మందుతో చికిత్స చేసెను. పాషాణము! రోగమెట్టిదో, ఔషధమును అట్టిదే. కారణము పిదప తేలినది: దోమకాటుచే చేరు బోదకాలు పురుగు. దాని సూక్ష్మసంతతిపై దేహము ఊపిరితిత్తులలో సల్పు పోరే ఆ దగ్గు, ఆ ఆయాసము. బోదకాలు మన డెల్టాకు క్రొత్తది కాదుగదా!

పాషాణమును తప్పించిన మందు డైఇథైల్‌కార్బమజీన్. 1947లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలనుండి అది వెలువడినప్పుడు అచటి పరిశోధనలకు నాయకుడు, 1895లో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

పిల్లలలో ఉబ్బసమే హెచ్చు, ఈ వ్యాధి అరుదు. ఉబ్బసమునకు ఈ మందు పనిచేయదు. ఈ వ్యాధిని ఉబ్బసమని ఏండ్లకొలది ఉపేక్షించినచో ఊపిరితిత్తులు గట్టిపడును. కావున రక్తపరీక్ష చేయించి, వైద్యునిచే నిర్ణయింపజేయుడు.