ఆసుపత్రులలో బాలరోగుల దీర్ఘవాసము – కుటుంబ స్థితిగతులు

రోగగ్రస్తులైన పసిపిల్లలను నెలల తరబడి, ఒక్కొక్కయెడ సంవత్సరముల తరబడి, తల్లిదండ్రులకు దూరముగా ఆసుపత్రులయందుంచి చికిత్స గావించు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో వేళ్లూని, ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వరకు ప్రశ్నించువారు అరుదుగా సాగినది. బ్రిటన్ దేశమున దీనిపై వాదోపవాదము విశేషముగా జరిగినది గనుక ఆ దేశచరిత్రయే యిచట ప్రధానముగా గ్రహింపబడినది.

1769లో లండను నగరమున పేదబిడ్డలకై ఔషధశాల నెలకొల్పిన జార్జి ఆర్మ్‌స్ట్రాంగు అను వైద్యుడు, శిశువును తల్లినుండి ఎడబాపి ఆసుపత్రిలో చేర్చుటకు సమ్మతింపక, మందిచ్చి ఇంటికే పంపుచుండెను. ఆయన మాట తరువాతివారికి రుచింపలేదు. చార్లెస్ వెస్ట్ అను వైద్యుని పట్టుదలతో 1852 ఫిబ్రవరి 14న పది పడకలతో గ్రేట్ ఆర్మండ్ వీధిలో బాలల ఆసుపత్రి వెలసిన నాటికి, ఇరుకైన గదులలో, మురికి సందులలో కాపురముండు శ్రామికుల బిడ్డలకు ఇంటికంటె ఆసుపత్రియే మేలను భావము బలపడియుండెను. ఈ భావమున కొంత సత్యము లేకపోలేదు; కాని దానివెంటనే, పేదతల్లి బిడ్డను చూడవచ్చుటయే రోగహేతువను అపనమ్మకముకూడ వార్డులలో ప్రవేశించినది.

అంటురోగముల భయము దీనికి తోడయ్యెను. స్కార్లెట్ జ్వరముతోనో డిఫ్తీరియాతోనో చేరిన బిడ్డకు ఒక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యకెదురుగా నాటి స్థితిని స్థానిక వార్తాపత్రికలో ప్రకటించుటయు, తల్లిదండ్రులు కిటికీ అద్దము వెలుపల నిలిచి చూచి మరలుటయు పలుచోట్ల ఆచారముగా నుండెను. క్షయరోగుల కథ మరింత దుస్సహము. ప్రఖ్యాత గాయని ఎడలీనా పాటీ నివసించిన వేల్సులోని క్రెయిగ్-ఇ-నోస్ భవనము 1922లో క్షయ చికిత్సాలయముగా మారగా, అచట సంవత్సరముల కొలది పడియున్న పిల్లలను చూచుటకు తల్లిదండ్రులకు నెలకొక్క పర్యాయమే అనుమతి లభించుచుండెను. కొండలోయలోని ఆ చోటికి రానుపోను ఖర్చు భరింపలేని గనికార్మికునకు ఆ ఒక్క పర్యాయమును దక్కెడిది కాదు.

సామాన్య శస్త్రచికిత్సలకు వచ్చినవారి గతియు దీనికంటె మెరుగు కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటి మాసమంతయు సందర్శనము నిషిద్ధమై యుండెను. సాయంకాలమున నిద్రించుచున్న బిడ్డను మాత్రము చూడనిచ్చెడివారు. తల్లి వచ్చిపోయిన పిమ్మట బిడ్డ ఏడ్చుననియు, రాకున్న శాంతించుననియు దాదులు చెప్పు కారణము. ఆ శాంతి యెట్టిదో పరికించినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. లండనులోని టావిస్టాక్ చికిత్సాలయమున మనోవైద్యుడగు జాన్ బౌల్బీతో కలిసి 1948 నుండి పనిచేసిన ఈ స్కాట్లండు దేశీయుడు, శిశువు మొదట ఆక్రోశించి, పిదప నిరాశలో మునిగి, తుదకు తల్లిపైనే మనసు విరుచుకొనుననియు, దాదులు కుదుటపడుటగా నెంచినది ఈ కడపటి దశయే యనియు కనుగొనెను. మాటలు నమ్మనివారికై చేతి కెమెరాతో, ఎనిమిది దినములు ఆసుపత్రిలో గడిపిన రెండేండ్ల బాలికను చిత్రించి 1952లో ప్రదర్శింపగా, వైద్యులలో పెక్కండ్రు మండిపడిరి. న్యూకాసిల్‌లో జేమ్స్ స్పెన్స్ అను వైద్యుడు అంతకు చాల పూర్వమే తల్లులను బిడ్డలతో పాటు చేర్చుకొని సేవ చేయించియుండుట వారికి తెలియని సంగతి కాదు.

ప్రభుత్వము నియమించిన సర్ హ్యారీ ప్లాట్ సంఘము 1959లో తన నివేదిక నొసగి, సందర్శనమునకు వేళల కట్టుబాటు కూడదనియు, చిన్నబిడ్డలతో తల్లులను చేర్చుకొనవలెననియు, పిల్లలను వయోజనుల వార్డులలో నుంచరాదనియు సూచించెను. సూచనయే గాని శాసనము గాదు. దానిని ఆచరణలో పెట్టించుటకు 1961లో తల్లులే సంఘముగా నేర్పడి పోరవలసి వచ్చినది.

తలుపు తెరచిన మాత్రమున అందరును లోపలికి రాలేదు. ఇంట మరి నలుగురు పిల్లలు, రోజు పని మానిన తెగిపోవు వేతనము, ఒంటరియైన తల్లి, దూరాభారము: వీనిలో ఏ యొక్కటి యున్నను అనుమతి కాగితముపైననే నిలిచిపోయెడిది. ఈ విషయము పరిశోధనలందును కొంతవరకు ప్రతిఫలించినది. 1976లో క్వింటన్, రట్టరు అను పరిశోధకులు ప్రకటించిన పరిశీలనమును బట్టి, వారమునకు లోబడిన ఒక్క పర్యాయపు ఆసుపత్రివాసముతో శాశ్వతమైన కలతకు సంబంధము కనబడలేదు. పలుమార్లు చేరిన పిల్లలలో, అందును ఇంటి యిక్కట్లు గలవారియందు, అట్టి సంబంధము స్పష్టముగా గోచరించినది. కనుక ఆసుపత్రిని మాత్రమే దూషించుట న్యాయము గాదు. ఇక దూరాభారమను చిక్కునకు విరుగుడుగా, దూరప్రాంతముల కుటుంబములు బస చేయుటకై 1974లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తొలి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ గృహము వెలసినది.

ఇక మన దేశపు సర్కారు ఆసుపత్రులలో తల్లి బిడ్డ మంచము ప్రక్కనే నేలపై పరుండుట చిరకాల పరిచితమైన దృశ్యము. ఇది సంస్కరణ ఫలము గాదు. దాదుల కొరతయే దీనికి ముఖ్య కారణమనవలెను. ఇచట ఎడబాటు తప్పినను, కూలి పోవుటయు, ఇంటనున్న పిల్లలు ఇరుగుపొరుగు పాలగుటయు తప్పలేదు.

1988లో హాలండు దేశమునందలి లైడెన్ నగరమున రూపొందిన ఐరోపా బాలరోగుల హక్కుల పత్రము, తల్లిదండ్రులందరికిని బిడ్డ చెంతనే బస కల్పింపవలెననియు, అందువలన వారికి అదనపు వ్యయము గాని ఆదాయ నష్టము గాని వాటిల్లరాదనియు మూడవ నియమముగా విధించినది. ఆ పత్రమునందలి పది నియమములలో అమలు పరచుటకు మిక్కిలి ధనమవసరమైనది, మిక్కిలి ఉపేక్షకు గురియగుటకు వీలైనదియు ఇదియే.