క్లచ్ తొక్కినా గేరు పడటం లేదా? గేర్‌బాక్స్ దించే ముందు కేబుల్ చూడండి

క్లచ్ పెడల్ చివరిదాకా తొక్కినా ఫస్ట్ గేరు పడదు. రివర్స్ వేయబోతే గరగరమంటుంది. బలవంతంగా వేస్తే, పెడల్ మీద కాలు ఉండగానే బండి ముందుకు జరుగుతుంది. ఇంజిన్ ఆపేస్తే మాత్రం అన్ని గేర్లూ హాయిగా పడతాయి. ఈ లక్షణాలు కలిసి కనిపిస్తే క్లచ్ విడవడం లేదని అర్థం. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య పట్టు పూర్తిగా తెగడం లేదన్నమాట.

మారుతి 800, ఓమ్ని, ఆల్టో, వ్యాగన్ ఆర్... మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఈ చిన్న బళ్లలో క్లచ్ నడిచేది స్టీలు కేబుల్‌తోనే. కేబుల్ మార్చాలంటే ఖర్చు వందల్లో ఉంటుంది. గేర్‌బాక్స్ దించి ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు మార్చాలంటే వేలల్లోకి వెళ్తుంది. అందుకే పరీక్ష బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు.

మా చిన్న మామూ దమ్మాం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంట్లోనూ అదే జరిగింది. ఆల్టో గేర్లు పడటం లేదంటే గ్యారేజీలో బండి చూడకముందే "ప్లేట్ అరిగిపోయింది భాయ్, గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నారు. దించారు, సెట్టు మొత్తం మార్చారు. రెండో రోజు మళ్లీ అదే గరగర. చివరికి తేలిందేమిటంటే, పెడల్ వెనక కేబుల్ ఔటర్‌ను పట్టుకుని ఉండే రేకు చీలింది. దానికి చిన్న వెల్డింగ్ సరిపోయింది. నేను చదివింది కామర్స్, మెకానిక్‌ని కాదు. ఆ బిల్లు చూశాకే ఈ విషయం మీద కూర్చుని చదివాను, అనుభవం ఉన్న మెకానిక్‌లను అడిగాను.

ప్లేట్ అరిగితే ఏమవుతుంది?

ఈ ఒక్కటి అర్థమైతే సగం మోసాలు దగ్గరికి రావు. క్లచ్ ప్లేటు ఇంజిన్ ఫ్లైవీల్‌కూ ప్రెజర్ ప్లేటుకూ మధ్య నొక్కుకుని ఉంటుంది. మీరు పెడల్ తొక్కితే కేబుల్ గేర్‌బాక్స్ మీదున్న రిలీజ్ ఆర్మ్‌ను లాగుతుంది. ఆర్మ్ తిరిగితే లోపలి ఫోర్కు, రిలీజ్ బేరింగును ముందుకు నెట్టి ప్రెజర్ ప్లేటు మధ్యలోని స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. అప్పుడు ప్రెజర్ ప్లేటు కొంచెం వెనక్కి లేచి ప్లేటు వదులవుతుంది. పెడల్ దగ్గర కాలు పది సెంటీమీటర్లకు పైగా కదిలినా, లోపల ప్లేటుకు దొరికే సందు మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. దారిలో ఎక్కడో కొద్దిపాటి కదలిక పోయినా లోపల క్లచ్ విడవదు.

ఇప్పుడు ప్లేటు అరిగి పలచబడిందనుకోండి. ప్రెజర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, స్ప్రింగు వేళ్లు బేరింగు వైపు బయటికి వస్తాయి. అంటే కేబుల్‌లో ఉండాల్సిన ఖాళీ ఆట తగ్గుతుంది. చివరికి క్లచ్ జారుతుంది: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తుంది, స్పీడు పెరగదు, కాలిన వాసన వస్తుంది. అరిగిన ప్లేటు మామూలుగా తెచ్చే జబ్బు జారడం. విడవకపోవడం దానికి ఎదురు జబ్బు. గేర్లు పడటం లేదు, పెడల్ ఆట పెరిగింది అంటే అనుమానించాల్సింది ముందు కేబుల్‌ను, దాన్ని పట్టుకున్న బిగింపులను. "ప్లేట్ అరిగింది, అందుకే గేరు పడటం లేదు" అని ఎవరైనా అంటే, ఎలా తెలిసిందో ఒకసారి అడగండి.

ఇంటి దగ్గరే చేసే పరీక్షలు

ముందు బండిని సమతలంగా ఉన్నచోట పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ముందూ వెనకా పిల్లలెవరూ ఉండకూడదు. క్లచ్ విడవని బండి గేరులో ఉండగా స్టార్ట్ చేస్తే ఒక్కసారిగా దూకుతుంది.

ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినా కష్టంగా పడుతుంటే తప్పు క్లచ్‌లో కాదు, గేరు రాడ్డు లింకేజీలోనో గేర్‌బాక్స్‌లోనో ఉంది. ఆపితే బాగా పడుతుంటే ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కి నెమ్మదించాక న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి అయిదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. మిగతా గేర్లలో ఉండే సింక్రోనైజర్ ఈ బళ్లలో రివర్స్‌కు ఉండదు, కాబట్టి క్లచ్ కొంచెం లాగుతున్నా ముందు అక్కడే అరుపు వినిపిస్తుంది. తొక్కిన వెంటనే వేస్తే గరగరమని, ఆగి వేస్తే నిశ్శబ్దంగా పడితే క్లచ్ దాదాపు బాగున్నట్టే. ఎంతసేపు ఆగినా అరుస్తుంటే విడవడం లేదు.

తర్వాత పెడల్ కింద చూడండి. నవ్వొస్తుంది గానీ, మందపాటి మ్యాట్ మడతపడి పెడల్ చివరిదాకా పోకపోవడం కూడా ఒక కారణమే. మ్యాట్ తీసేసి పెడల్‌ను చేత్తో నొక్కండి. పైన బరువు లేకుండా కదిలే భాగమే ఆట. సాధారణంగా 15 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్న కొలతనే ప్రమాణంగా తీసుకోండి. పెడల్ బరువే లేకుండా నేలకు పడిపోతే కేబుల్ తెగింది, లేదా కొన ఊడింది. రోజురోజుకూ బరువెక్కుతుంటే కేబుల్ లోపల తుప్పు, లేదా తీగలు ఒక్కొక్కటిగా తెగి ఔటర్‌లో రాసుకుంటున్నాయి. ఆ కేబుల్‌కు నూనె పోసి కాలం గడపొద్దు, మార్చేయండి. తెగేది సరిగ్గా ట్రాఫిక్ మధ్యలోనే.

అసలైన పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఇంకొకరు రిలీజ్ ఆర్మ్‌ను చూడాలి. ఇంజిన్ ఆపే ఉండాలి. ఆల్టో లాంటి వాటిలో బానెట్ ఎత్తి టార్చి వేస్తే గేర్‌బాక్స్ మీద కేబుల్ కొన, నట్టు కనిపిస్తాయి. ఓమ్నిలో కింద నుంచి చూడాలి. కింద దూరాల్సి వస్తే ఒక్క జాక్‌ను నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

పెడల్ పూర్తిగా పోతున్నా ఆర్మ్ కొద్దిగానే కదులుతుంటే కదలికను మధ్యలో ఎవరో తినేస్తున్నారు. కేబుల్ ఔటర్ రెండు చివరలనూ గమనించండి. లోపలి తీగ మాత్రమే కదలాలి, ఔటర్ బిగిసి కూర్చోవాలి. పెడల్ తొక్కినప్పుడు ఔటర్ వంగినా, దాన్ని పట్టిన రేకు ఊగినా, పెడల్ వెనకున్న ఇనుప గోడ లోపలికి వంగినా దొంగ దొరికినట్టే. మా ఆల్టోలో ఈ పరీక్షకు పట్టేది రెండు నిమిషాలు, ఎవరూ చేయలేదు. ఇంజిన్ మౌంటు రబ్బర్లు పోయినా ఇలాంటిదే జరుగుతుంది: కేబుల్ లాగినప్పుడు ఆర్మ్ కదలడానికి బదులు ఇంజినే కొంచెం కదులుతుంది. పెడల్ బుష్ అరిగి పక్కకు ఊగినా కదలిక పోతుంది.

అన్నీ గట్టిగానే ఉండి ఆట మాత్రం ఎక్కువగా ఉంటే కొనలోని నట్టు తిప్పి సర్దాలి. సుజుకి బళ్లలో ఆర్మ్ దగ్గర ఆట సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు. గేర్లు పడుతున్నాయి కదా అని ఆట పూర్తిగా తీసేసి బిగిస్తే, బేరింగు ఎప్పుడూ వేళ్లకు ఆనుకుని తిరిగి చెడుతుంది, క్లచ్ జారి కొత్త ప్లేటు కాలిపోతుంది. నట్టు మరల చివరికి వచ్చేసినా ఆట పోకపోతే కేబుల్ సాగింది. కొత్త కేబుల్ వేసిన వారం తర్వాత మరోసారి చూపించుకోండి, కుదురుకునేటప్పుడు కొంచెం వదులవుతుంది. కొన్ని బళ్లలో కేబుల్ తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉంటుంది, వాటిలో నట్టు కోసం వెతకొద్దు.

ఆర్మ్ పూర్తిగా కదులుతున్నా క్లచ్ విడవకపోతేనే

అప్పుడు తప్పు లోపల ఉంది, గేర్‌బాక్స్ దించక తప్పదు. ఫోర్కు వంగి ఉండొచ్చు, స్ప్రింగు వేలు విరిగి ఉండొచ్చు, ప్లేటు వంకరపోయి ఉండొచ్చు, లైనింగు ముక్క ఊడి ఇరుక్కుని ఉండొచ్చు, షాఫ్టు పళ్ల మీద తుప్పు పట్టి ప్లేటు జరగకపోవచ్చు. కొత్త సెట్టు వేసిన మర్నాడే ఈ బాధ మొదలైతే ప్లేటు తిరగేసి బిగించారేమో అడగండి, తొందరపనిలో జరిగే పొరపాటే అది.

గల్ఫ్‌లో పనిచేసేవాళ్ల ఇళ్లలో ఇంకో కారణం తరచుగా కనిపిస్తుంది. బండి నెలల తరబడి వానలో కదలకుండా నిలబడితే, తేమకు తుప్పు పట్టి ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది. నిలబెట్టినప్పుడు బాగానే ఉంది, తీసేసరికి గేరు పడటం లేదు, కేబుల్ అంతా సరిగ్గానే ఉంది అంటే ఇదే అయ్యుండొచ్చు. గేర్‌బాక్స్ దించకుండానే విడిపించే అవకాశం ఉంది. కర్రతో పెడల్‌ను రాత్రంతా తొక్కిపెట్టి ఉంచడం ఒక పద్ధతి. అలా విడవకపోతే మెకానిక్‌లు ఇంజిన్ వేడి చేసి ఆపి, ఖాళీ మైదానంలో పై గేరు వేసి, రెండు బ్రేకులూ పట్టి, క్లచ్ తొక్కి క్షణంసేపు స్టార్టర్ తిప్పుతారు. ఇది ఇంట్లో కుర్రాళ్లు చేసే పని కాదు, తెలిసినవాళ్ల చేతే చేయించండి. సెలవుకు వచ్చేవాళ్ల కోసం ఇంట్లో ఎవరైనా నెలకు రెండుసార్లు బండిని కాసేపు నడిపితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు.

దారిలో కేబుల్ తెగితే బండిని పక్కకు తీసి టో చేయించడమే మంచిది. గేరులో పెట్టి స్టార్టర్‌తో లాగించి ఇంటికి తెచ్చుకునేవాళ్లున్నారు గానీ, ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజిన్ ఆపాలి, మళ్లీ గేరులోనే స్టార్ట్ చేయాలి. ముందు మనిషి నిలబడి ఉండే మన బజార్లలో ఆ పని చేయొద్దు.

గ్యారేజీకి వెళ్లినప్పుడు ఆర్మ్ ఎంత కదులుతోందో మీ కళ్లముందే చూపించమనండి. గేర్‌బాక్స్ దించితే పాత ప్లేటు, బేరింగు మీ చేతికి ఇవ్వమని ముందే చెప్పండి. మామూ ఈసారి వెళ్లేటప్పుడు ఆల్టో తాళంతో పాటు ఆ పాత ప్లేటు కూడా నాకే ఇచ్చి వెళ్లారు. ఇంకా సగం మందం అలాగే ఉంది.