ఇటలీ డేగ నీడలో భారత సిపాయి

యుద్ధ చరిత్రను పుస్తకంలో చదవడానికి ముందే కంప్యూటర్ తెర మీద చూసే తరం వచ్చి పాతికేళ్లు దాటింది. కోంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్లు ఈ మార్పులో ముఖ్య భాగం. ఇవి సాధారణ వీడియో ఆటలు కావు. విమానం బరువు, ఇంజను శక్తి, రెక్కల వైశాల్యం, తుపాకుల వేగం మొదలుకొని ఇంధనం ఎంత తరిగిందో కూడా లెక్కగట్టి, ఆనాటి పైలట్ అనుభవాన్ని వీలైనంత దగ్గరగా చూపాలన్నది వీటి తయారీదారుల పట్టుదల. ఈ పట్టుదలకు పాత్రమైన విమానాల్లో ఇటలీకి చెందిన ఫియట్ సి.ఆర్.42 ఒకటి. దాని పేరు ‘ఫాల్కో’, అంటే డేగ. భారత సైనికుల తలల మీద ఎగిరిన విమానం అది. దాన్ని తెర మీదికి ఎక్కించే క్రమంలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్న ప్రశ్న అందువల్ల మన చరిత్రకూ సంబంధించినదే.

కాలం చెల్లిన కాలంలో పుట్టిన విమానం

ఫాల్కో ఒకదానిపై ఒకటిగా జంట రెక్కలుండే బైప్లేన్. చెలెస్తినో రొసాతెల్లి రూపకల్పనలో 1938 మే 23న తొలిసారి ఎగిరింది. అప్పటికే బ్రిటన్‌లో హరికేన్, జర్మనీలో మెస్సర్‌ష్మిట్ వంటి ఒంటి రెక్కల లోహ విమానాలు దళాల్లో చేరాయి. అయినా ఇటలీ పాత పద్ధతిని వదల్లేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షాన పోరాడిన దాని ముందుతరం బైప్లేన్ సి.ఆర్.32 విజయాలు ఫాసిస్టు వైమానిక అధికారుల తలకెక్కాయి. గాలిలో చురుగ్గా మలుపు తిరగగల విమానమే గెలుస్తుందన్న నమ్మకం వేగానికి దక్కవలసిన ప్రాధాన్యాన్ని మింగేసింది. నిన్నటి విజయాన్ని రేపటి సూత్రంగా పొరబడడం నియంతృత్వాలకు కొత్తేమీ కాదు.

840 హార్స్‌పవర్ ఇంజనుతో గంటకు సుమారు 440 కిలోమీటర్ల వేగం అందుకునే ఈ విమానంలో పైలట్ కూర్చునే చోటుకు కప్పు లేదు. చక్రాలు లోపలికి ముడుచుకోవు. రెక్కలకు పైపూత గుడ్డ. అయినా సుమారు 1,800 విమానాలు తయారయ్యాయి. బెల్జియం, హంగరీ, స్వీడన్ కూడా కొనుగోలు చేశాయి. యుద్ధం సాగుతూ ఉండగానే పాతబడిపోయిన ఈ యంత్రానికి తూర్పు ఆఫ్రికాలో మాత్రం కొన్ని నెలలు ఆధిపత్యం దక్కింది. అక్కడ ఎదురైన బ్రిటిష్ గ్లాడియేటర్ కూడా బైప్లేనే కావడం అందుకు ఒక కారణం.

యంత్రాన్ని అంకెల్లోకి అనువదించడం

ఒక పాత విమానాన్ని సిమ్యులేటర్‌కు అనువుగా మలచడం దాదాపు అనువాదం వంటి పని. 2000లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కోంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2 పసిఫిక్ మహాసముద్ర యుద్ధానికి పరిమితం. అందులో లేని విమానాలను చేర్చే పనిని ప్రపంచమంతటా ఔత్సాహికులు తలకెత్తుకున్నారు. ఒక విమానం అందులో ఎగరాలంటే ఆకారాన్ని చూపే ఫైలు, గాలిలో ప్రవర్తనను నిర్ణయించే ఫైలు, తుపాకులను, దెబ్బ తగిలే భాగాలను వివరించే ఫైలు వేర్వేరుగా సిద్ధం కావాలి.

బైప్లేన్‌తో ఇక్కడే చిక్కు. ఆనాటి సిమ్యులేటర్ గణితం ఒక జత రెక్కలనే ఎరుగును. పైనా కిందా ఉన్న రెక్కలను ఒకే రెక్కగా కూడి, వాటి మధ్యనున్న కడ్డీల వల్ల పుట్టే గాలి నిరోధాన్ని విడిగా కలపాలి. ఆ లెక్క తక్కువైతే ఫాల్కో అసలు లేని వేగంతో దూసుకుపోతుంది; ఎక్కువైతే దాని ప్రాణమైన చురుకుదనం పోతుంది. తుపాకుల సంగతీ అంతే. అవి తిరుగుతున్న ప్రొపెల్లర్ ఆకుల సందుల్లోంచి పేలాలి గనుక తూటాలు పేలే వేగం తగ్గుతుంది. ఆ తగ్గుదలను లెక్కించకపోతే విమానానికి లేని బలాన్ని కట్టబెట్టినట్టే. గుడ్డ రెక్కలోంచి తూటా రంధ్రం చేసుకుని వెళ్లిపోవచ్చు. అదే తూటా ఇంజనుకో ఇంధన ట్యాంకుకో తగిలితే కథ ముగుస్తుంది. ఏ భాగానికి ఎంత ఓర్పు ఇవ్వాలన్నది తయారీదారు తీర్పు. ఆ తీర్పులో చరిత్ర గురించిన అభిప్రాయం ఉంటుంది.

తరువాతి కాలంలో ఈ శ్రద్ధ మరింత పెరిగింది. 2020లో వచ్చిన ‘డెజర్ట్ వింగ్స్ – తోబ్రుక్’లో ఫాల్కో చేరింది. దాన్ని రూపొందించిన టీమ్ ఫ్యూజన్, స్వచ్ఛందంగా మొదలై ఆ తరువాత ప్రచురణకర్తతో ఒప్పందం కుదుర్చుకున్న బృందం. ఇటువంటి శ్రద్ధ సాధ్యం కావడానికి ఒక పునాది ఉంది. 1940 నవంబరు 11న ఇంగ్లండ్ తీరాన ఆర్ఫర్డ్‌నెస్‌లో దిగిపోయిన ఒక ఫాల్కోను బ్రిటిష్‌వారు స్వాధీనం చేసుకుని పరీక్షించారు. అది రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. శత్రువు యంత్రాన్ని సైతం దాచిపెట్టుకుని, దాని కాగితాలను పరిశోధకులకు తెరిచిపెట్టిన వ్యవస్థ అది. కొలతలు ఉన్నచోట అనుకరణ సాధ్యమవుతుంది.

గల్లాబాత్ మీద ఆకాశం

కొలతలకు అందని భాగం నేల మీద మొదలవుతుంది. 1940 నవంబరు 6 తెల్లవారుజామున సూడాన్–ఇథియోపియా సరిహద్దులోని గల్లాబాత్ కోట మీద 10వ భారత పదాతి బ్రిగేడ్ దాడి చేసింది. నాయకుడు బ్రిగేడియర్ విలియం స్లిమ్. కోట చేతికి చిక్కింది. కానీ ఆకాశం చిక్కలేదు. గ్లాడియేటర్లు కట్టుగా కాక కొద్దికొద్దిగా వచ్చి ఫాల్కోల చేతిలో దెబ్బతిన్నాయి. కాపలా తొలగిన ఆకాశం నుంచి ఇటాలియన్ బాంబర్లు రాతినేల మీద బాంబులు కురిపించాయి. కందకం తవ్వుకోవడానికీ వీలులేని ఆ నేలలో గఢ్వాలీలు, బలూచ్ రెజిమెంటు సిపాయిలు, వారితో ఉన్న బ్రిటిష్ బెటాలియన్ చిక్కుకున్నారు. చివరికి స్లిమ్ వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఆ నిర్ణయంలో తన తప్పును ఆయన తరువాత తన జ్ఞాపకాల్లో స్వయంగా ఒప్పుకున్నారు.

సిమ్యులేటర్‌లో ఈ ఘట్టాన్ని రెండు వైపుల నుంచీ ఆడవచ్చు: ఫాల్కోలో కూర్చుని గ్లాడియేటర్‌ను వెంటాడవచ్చు, గ్లాడియేటర్‌లో కూర్చుని ఫాల్కోను తప్పించుకోవచ్చు. బాంబు పడుతున్న చోట నిలబడ్డ గఢ్వాలీ సిపాయికి మాత్రం ఆడే స్థానం లేదు. ఆయన తెర మీద ఒక బూడిద రంగు చుక్క. వలస దేశాల మీద విమానయుద్ధం మొదటి నుంచీ ఈ చూపుతోనే సాగింది. ప్రపంచంలో విమానం నుంచి తొలి బాంబు పడింది 1911లో, లిబియాలో. వేసినవాడు ఇటాలియన్ పైలట్. 1935–36లో ఇథియోపియా ప్రజల మీద ఇటలీ విషవాయువును గాలి నుంచే చల్లింది. బ్రిటన్ వాయవ్య సరిహద్దులోని గిరిజన గ్రామాల మీద వాపిటీ బైప్లేన్లతో బాంబులు వేసి, దానికి పోలీసు పని అని పేరు పెట్టింది. సామ్రాజ్యాల జెండాలు వేరు. పై నుంచి చూసే చూపు ఒక్కటే.

మందుపాతరల దారి

1941 జనవరి చివర్లో ఇటాలియన్లు గల్లాబాత్ ఎదురుగా ఉన్న మెతెమ్మాను వదిలి వెనుదిరిగారు. పోతూ దారి పొడవునా మందుపాతరలు పాతారు. వాటిని వెతికి తీసే పని బొంబాయి సాపర్లకు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ ప్రేమీంద్ర సింగ్ భగత్ మీద పడింది. నాలుగు రోజుల్లో 55 మైళ్ల దారిలో 15 మందుపాతర క్షేత్రాలను ఆయన గుర్తించి తొలగింపజేశారు. ఆయన వాహనం పేలుడుకు గురైంది, చెవి పొర పగిలింది, అయినా ఆగలేదు. ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన తొలి భారతీయ అధికారి ఆయనే.

ఉత్తరాన ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో పోరు ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి 27 దాకా సాగింది. 4వ, 5వ భారత డివిజన్లు అక్కడ పోరాడాయి. సుబేదార్ రిఛ్‌పాల్ రామ్‌కు మరణానంతరం విక్టోరియా క్రాస్ అక్కడి పోరుకే దక్కింది. 4వ డివిజన్ ఇంజనీరు దళాల్లో మద్రాసు సాపర్లు ఉన్నారు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళ, తెలుగు జిల్లాల నుంచి ఆ దళంలోకి భర్తీ జరిగేది. కనుమలో కొండచరియలను పేల్చి ఇటాలియన్లు మూసేసిన రోడ్డును సాపర్లు తెరిచాకే కెరెన్ లొంగింది. ఫాల్కోతో ఆ రంగంలో పేరు తెచ్చుకున్న మారియో విసింతీని 1941 ఫిబ్రవరి 11న కొండను ఢీకొని మరణించాడు. విమాన ప్రియులకు ఆయన పేరు కంఠోపాఠం. రోడ్డు తెరిచిన సాపర్ల పేర్లు రెజిమెంటు కాగితాలు దాటి బయటకు రాలేదు.

హౌరా నుంచి వాల్తేరు దాకా

గల్లాబాత్‌లో ఓడిన స్లిమ్ 1942లో బర్మా నుంచి వెనుదిరిగి బెంగాల్ చేరారు. ఆయన 15వ కోర్ ప్రధాన స్థావరం కలకత్తా పక్కనే బారక్‌పూర్‌లో ఉండేది. ఆకాశం చేజారితే నేల మీద ఏమవుతుందన్న పాఠం ఈసారి నగరాల వంతైంది. హుగ్లీకి ఆవలి ఒడ్డున హౌరా స్టేషన్ వదలగానే ఖరగ్‌పూర్ దారిలో వచ్చే మొదటి స్టేషన్ టికియాపారా. ఆ పట్టాలు అప్పట్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేవి. ఒక కొస కలకత్తా, మరో కొస వాల్తేరు. ఈ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవారే వి.వి. గిరి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపుల్లో తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. 1942లో ఆ దారి రెండు కొసలూ బాంబుదాడులను చవిచూశాయి.

ఏప్రిల్ 6న ర్యూజో నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ భయంలోనే మద్రాసు ప్రభుత్వం కార్యాలయాలను లోతట్టు పట్టణాలకు తరలించింది. డిసెంబరు 20 రాత్రి కలకత్తా వంతు వచ్చింది. జనం హౌరా దారిన ఊరు విడిచారు. నగర నడిబొడ్డున రెడ్ రోడ్డే హరికేన్లకు రన్‌వే అయింది. 1943 జనవరి 15 రాత్రి సార్జెంట్ ప్రింగ్ బ్యూఫైటర్‌లో లేచి నిమిషాల వ్యవధిలో మూడు జపాన్ బాంబర్లను కూల్చాకే నగరానికి ఊపిరి తిరిగింది. అయినా అదే ఏడాది డిసెంబరు 5న పట్టపగలు ఖిదిర్‌పూర్ రేవు మీద బాంబులు పడ్డాయి. చనిపోయినవారిలో ఎక్కువ మంది రేవు కూలీలు. అప్పటికే బెంగాల్ కరవులో ఉంది.

యుద్ధం మొదలయ్యాక తీరరక్షణకు ఏర్పాటైన వైమానిక దళాల్లో ఒకటి కలకత్తాలో, ఒకటి విశాఖలో ఉండేది. వాటికి తొలుత దక్కినవి వాపిటీ వంటి పాత బైప్లేన్లే. ప్రపంచంలో మిగిలిన ఏకైక వాపిటీ ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో ఉంది. టికియాపారా మీదుగా వాల్తేరు దాకా సాగే ఆ తీరాన్ని, దాన్ని కాపు కాసిన పాత విమానాలను పునర్నిర్మించేందుకు యంత్రం మన ఇంట్లోనే ఉంది. కావలసింది కాగితం.

తాళం ఎవరి చేతిలో

తూర్పు ఆఫ్రికా యుద్ధ చరిత్రను భారత్, పాకిస్థాన్‌లు కలిసి రాయించాయి. బిశేశ్వర్ ప్రసాద్ సంపాదకత్వంలో ఆ సంపుటం వెలువడింది. విభజన గాయాలు పచ్చిగా ఉన్న రోజుల్లో రెండు దేశాలు ఉమ్మడిగా చేయగలిగిన పని అది. ఆ ఉదారత తమ సొంత యుద్ధాల దగ్గరికి వచ్చేసరికి ఆవిరైంది.

మెతెమ్మా దారిలో మందుపాతరలు తీసిన భగత్, బ్రిగేడియర్ హోదాలో, 1962 చైనా యుద్ధ పరాజయంపై లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్‌తో కలిసి నివేదిక రాశారు. 1963లో అందిన ఆ నివేదికను ఏ ప్రభుత్వమూ అధికారికంగా బయటపెట్టలేదు. దాని సమాచారానికి సైనికంగా ఇప్పటికీ విలువ ఉందని 2010లో రక్షణ మంత్రి ఏ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పారు. 2014 మార్చిలో నెవిల్ మాక్స్‌వెల్ అందులో ఒక భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాక, ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ ఈ గోప్యతను ప్రశ్నించారు. అదే ఏడాది జూలైలో రక్షణ మంత్రిగా ఆయనే నివేదిక వెల్లడి దేశ ప్రయోజనాలకు తగదన్నారు. కుర్చీ మారితే మాట మారింది. తాళం మాత్రం మారలేదు. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు విడుదల చేయాలన్న విధానాన్ని రక్షణ శాఖ 2021 జూన్‌లో ప్రకటించింది. పాత యుద్ధాల రికార్డులపై మాత్రం సందర్భాన్ని బట్టి నిర్ణయిస్తామని అధికారులు చెప్పారు.

ఓడిన ఫాసిస్టు రాజ్యపు విమానం ఒక్కో మేకుతో సహా తెర మీద తిరిగి లేవగలిగింది. దాన్ని గెలిచినవారు దాచారు, కొలిచారు, తెరిచిపెట్టారు. ఆ విమానం నీడలో నడిచిన భారతీయుడు ఆ తరువాత సైన్యంలో ఉన్నత పదవులు అందుకుని, విరమణ తరువాత కలకత్తా కేంద్రంగా పనిచేసే దామోదర్ లోయ కార్పొరేషన్‌కు అధ్యక్షుడై 1975లో కన్నుమూశారు. యాభై ఐదు మైళ్ల శత్రు నేలలో పాతరలను వెతికి తీసిన ఆయన సంతకం చేసిన నివేదిక నేటికీ ఢిల్లీలో తాళం వెనుకే ఉంది.