డేటా ప్రాసెసింగ్ ఒప్పందం

డేటా ప్రాసెసింగ్ ఒప్పందం అనేది వ్యక్తిగత సమాచారాన్ని సేకరించే సంస్థకూ, దాని తరపున ఆ సమాచారాన్ని భద్రపరచే లేదా వినియోగించే మరో సంస్థకూ మధ్య కుదిరే చట్టబద్ధమైన ఒడంబడిక. ఉద్యోగుల జీతాలు, ఖాతాదారుల వివరాలు వంటివాటిని అంతర్జాలం ద్వారా నిర్వహించే వ్యాపార సాఫ్టువేరులో దీని అవసరం ఎక్కువ. పనిని వేరొకరికి అప్పగించినంత మాత్రాన సమాచారంపై బాధ్యత తీరిపోదన్నది దీని మూలసూత్రం.

పాత్రలు

ఐరోపా సమాఖ్య చట్టం ప్రకారం, సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ కంట్రోలరు; ఆ సంస్థ తరపున పని చేసేది ప్రాసెసరు. ఒక ఆసుపత్రి రోగుల వివరాలను ఒక కంపెనీ సాఫ్టువేరులో ఉంచితే ఆసుపత్రి కంట్రోలరు, కంపెనీ ప్రాసెసరు అవుతాయి. ఆ కంపెనీ సర్వర్లను మరొకరి వద్ద అద్దెకు తీసుకుంటే ఆ మూడవ సంస్థను సబ్-ప్రాసెసరు అంటారు. ప్రాసెసరు హద్దు మీరి, వాడకపు ఉద్దేశాలను తానే నిర్ణయిస్తే, ఆ మేరకు చట్టం దానిని కంట్రోలరుగానే పరిగణిస్తుంది.

ఇతర పత్రాలతో తేడా

సేవా నిబంధనలు రుసుము, వాడకపు హక్కుల వంటివాటిని నిర్ణయిస్తాయి. గోప్యతా విధానం, సంస్థ తాను సేకరించే సమాచారం గురించి ప్రజలకు ఇచ్చే ప్రకటన. ఈ రెండూ ఉన్నా, ప్రాసెసరును కట్టడి చేసే ఒప్పందం ఉన్నట్లు కాదు. అయితే పలు కంపెనీలు దీనిని సేవా నిబంధనలకు అనుబంధంగా చేర్చడం వల్ల, వాడుకదారులు చదవకుండానే అంగీకరించడం జరుగుతూ ఉంటుంది.

చరిత్ర

ఇటువంటి ఒప్పందం ఉండాలని ఐరోపా సమాఖ్య 1995 నాటి ఆదేశంలోనే ఉంది. 2016లో ఆమోదం పొంది, 2018 మే 25 నుండి అమలవుతున్న జీడీపీఆర్ చట్టం 28వ అధికరణంలో దీనిని వివరంగా నిర్దేశించింది. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే 1 కోటి యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 2 శాతం, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా విధించవచ్చు.

ముఖ్యాంశాలు

ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి. ఎలక్ట్రానిక్ రూపం కూడా చెల్లుతుంది. సమాచారం రకం, వాడకపు ఉద్దేశం, కాలపరిమితితో పాటు ఇందులో ఉండవలసినవి:

* కంట్రోలరు లిఖిత సూచనల మేరకే పని చెయ్యడం
* సిబ్బంది గోప్యత పాటించడం, తగిన భద్రతా చర్యలు తీసుకోవడం
* కంట్రోలరు ముందస్తు అనుమతి లేకుండా సబ్-ప్రాసెసర్లను నియమించకపోవడం
* తనిఖీలకు సహకరించడం
* సేవ ముగిశాక సమాచారాన్ని తిరిగి ఇవ్వడం లేదా తుడిచివెయ్యడం

సమాచారం బయటకు పొక్కితే ప్రాసెసరు జాప్యం లేకుండా కంట్రోలరుకు తెలియజెయ్యాలి. వ్యక్తులకు ముప్పు కలిగే అవకాశం ఉంటే, కంట్రోలరు సాధారణంగా విషయం తెలిసిన 72 గంటల్లో పర్యవేక్షణాధికారికి నివేదించాలి.

విదేశాలకు బదిలీ

ఐరోపా నుండి అమెరికాకు సమాచార బదిలీకి ఆధారమైన సేఫ్ హార్బర్ ఏర్పాటును 2015లోను, తరువాత వచ్చిన ప్రైవసీ షీల్డును 2020లోను ఐరోపా న్యాయస్థానం కొట్టివేసింది. 2021 జూన్‌లో ఐరోపా కమిషను కొత్త ప్రామాణిక ఒప్పంద నిబంధనలను వెలువరించింది. ఐరోపా ఖాతాదారులకు పనిచేసే హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలు సాధారణంగా ఈ నిబంధనలపై సంతకం చేస్తాయి.

భారతదేశంలో

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దీని 8వ సెక్షను ప్రకారం, వస్తుసేవలు అందించడంలో ప్రాసెసరును నియమించుకోవాలంటే చెల్లుబాటయ్యే ఒప్పందం తప్పనిసరి. ఒప్పందంలో ఏమి రాసుకున్నా, చట్టాన్ని పాటించే బాధ్యత మాత్రం నియమించిన సంస్థదే. భద్రతా చర్యల లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. చట్టపు నియమాలను 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుకు గడువులు నిర్ణయించారు.